కొత్త ఫైల్ పడగానే స్క్రిప్ట్ నడుస్తోంది కానీ పెద్ద ఫైల్స్ అన్నీ ఫెయిల్ అవుతున్నాయి

బీరువా_స్కానర్:
ఒక డౌట్ అండి. మా నాన్నగారి పాత వారపత్రికలు రెండు బీరువాల నిండా ఉన్నాయి, చెదలు పట్టేలోపు స్కాన్ చేద్దామని కూర్చున్నా. స్కానర్ వైఫైలో పీడీఎఫ్‌ని ఇంట్లో ఉన్న ఉబుంటు (లినక్స్) డబ్బాలో సాంబా షేర్‌లోకి (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్) పడేస్తుంది, అక్కడ నా స్క్రిప్ట్‌లో ఇనోటిఫైవెయిట్ (ఫోల్డర్‌లో మార్పులు కనిపెట్టే కమాండ్) క్రియేట్ ఈవెంట్, అంటే కొత్త ఫైల్ వచ్చిందన్న కబురు, పట్టుకుని ఓసీఆర్‌మైపీడీఎఫ్‌ని (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రాం) తెలుగు పెట్టి నడుపుతోంది. నాలుగు పేజీలైతే గొడవే లేదు, అరవై పేజీల సంచిక పెడితే పీడీఎఫ్ సరిగ్గా లేదని ఎర్రర్. ముందు 30 సెకన్లు ఆగేలా స్లీప్ 30 పెట్టా, కొన్నాళ్లు నడిచింది, నిన్న దీపావళి సంచికతో మళ్లీ మొదటికొచ్చింది. పైగా అవుట్‌పుట్ కూడా అదే ఫోల్డర్‌లోకి రాస్తున్నా, స్కిప్-టెక్స్ట్ ఆప్షన్ (ఇప్పటికే టెక్స్ట్ ఉన్న పేజీల్ని వదిలేసేది) ఉంది కాబట్టి అది కూడా అడ్డం చెప్పలేదు, పొద్దున లేచి చూస్తే మార్చి_ఓసీఆర్_ఓసీఆర్_ఓసీఆర్ అని తోరణం కట్టి ఉంది 😂

తోకలేని_పెంగ్విన్:
క్రియేట్ అంటే ఫైల్‌కి పేరు పెట్టారని మాత్రమే బ్రో, లోపల సరుకు ఇంకా వస్తూనే ఉంటుంది. నువ్వు చేసేది కుక్కర్ పొయ్యి మీద పెట్టగానే మూత తీయడం. క్రియేట్ తీసేసి క్లోజ్_రైట్ (రాసి ఫైల్ మూశాక వచ్చే ఈవెంట్), మూవ్డ్_టు (ఫైల్ పేరు మార్చాక లేదా జరిపాక వచ్చేది) రెండూ పెట్టు. రెండోది ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు వేరే పేరుతో రాసి అయిపోయాక అసలు పేరుకి మారుస్తాయి, విన్‌ఎస్‌సీపీ (ఫైల్స్ పంపే ప్రోగ్రాం) పెద్ద ఫైల్స్‌కి చివర ఫైల్‌పార్ట్ అని తగిలించేది అందుకే. అవుట్‌పుట్ వేరే ఫోల్డర్‌కి పంపు, తోరణం తెగుతుంది. ఫైల్ పేరున్న వేరియబుల్‌కి డబుల్ కోట్స్ మర్చిపోకు, పేరులో ఒక్క స్పేస్ ఉన్నా రెండు ముక్కలవుతుంది.

ఇంతకీ స్క్రిప్ట్ నడిచేది సాంబా ఉన్న మెషిన్ మీదేనా? వేరే మెషిన్‌లో ఆ షేర్‌ని మౌంట్ చేసుకుని (తన ఫోల్డర్‌లా తగిలించుకుని) చూస్తుంటే అవతల ఎవరో రాసిన ఫైల్ ఇనోటిఫైకి కనపడదు.

బీరువా_స్కానర్:
అదే మెషినే అండి. క్లోజ్_రైట్ పెట్టా, చాలావరకు సెట్ అయింది. కానీ ఒకే ఫైల్‌కి ఆ ఈవెంట్ మూడు నాలుగు సార్లు వస్తోంది, స్కానర్ కొన్ని పేజీలు రాసి మూసి మళ్లీ తెరుస్తున్నట్టుంది.

క్రాన్_మామ:
ఇలాంటి స్కానర్‌తో ఈవెంట్లని నమ్ముకోకు. ఇంకోటి, కరెంటు పోయొచ్చాక సాంబా ముందు లేచి నీ స్క్రిప్ట్ తర్వాత లేచిందనుకో, మధ్యలో పడ్డ ఫైల్స్ గురించి ఇనోటిఫైకి అసలు తెలీదు, అవి అలా అనాథల్లా ఉండిపోతాయి. నేనైతే నిమిషానికోసారి క్రాన్ (టైం ప్రకారం స్క్రిప్ట్ నడిపేది), అందులో ఫైల్స్ వెతికే ఫైండ్ కమాండ్‌కి ఎమ్‌మిన్ +2 ఇచ్చి రెండు నిమిషాలుగా ఎవరూ ముట్టని ఫైల్స్ మాత్రమే తీసుకుంటా, అయినవాటిని డన్ ఫోల్డర్‌కి జరిపేస్తా. ముందు ఎఫ్‌లాక్‌కి (ఒకేసారి ఒక్కటే నడిచేలా తాళం వేసే కమాండ్) ఎన్ ఆప్షన్ పెట్టు, లేకపోతే మొదటి ఓసీఆర్ అవ్వకముందే రెండోది మొదలై అదే ఫైల్ మీద పడుతుంది. ఫ్యాన్సీగా ఉండదు కానీ పత్రిక రెండు నిమిషాలు లేటైతే కొంపేం మునగదు కదా.

తోకలేని_పెంగ్విన్:
మామ చెప్పిందే కరెక్ట్ ఈ కేసుకి. ఈవెంట్ వెంటనే కావాల్సినచోట కూడా స్క్రిప్ట్ లేవగానే ఫోల్డర్ మొత్తం ఒకసారి ఊడ్చుకోవాలి.

బీరువా_స్కానర్:
క్రాన్‌కి మారిపోయా, దీపావళి సంచిక మొదటిసారే పాసైంది, థ్యాంక్స్ మామా. లోపల ఒత్తులు మాత్రం సగం గల్లంతు, దానికి వేరే థ్రెడ్ వేస్తా.