కొల్లేరు హద్దు: ఐదో కాంటూరా, మూడో కాంటూరా?

లంకకుర్రోడు:
కొల్లేరు అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గిస్తామన్న హామీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మా ఊళ్లు తిరిగి పోతుంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా సరస్సు పరుచుకునే నేలంతా ఐదో కాంటూరు. 1999లో జీవో 120తో ఆ 308 చదరపు కిలోమీటర్లనూ అభయారణ్యం చేశారు. మూడుకు దించితే మిగిలేది 135. తీసేసే భాగంలో మా జిరాయితీ భూములున్నాయి, తాతల నాటి పట్టాలు. మా ఇంటికైతే పైసా పరిహారం రాలేదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు, చేపల చెరువు తవ్వితే కేసు. నేను తగ్గించాలనే అంటాను. మీరేమంటారు?

గూడబాతు:
వద్దు. మీ జిరాయితీ బాధ నిజమే, కానీ హద్దు తగ్గితే బయటపడేది మీ రెండెకరాలే కాదు, 170 చదరపు కిలోమీటర్లకు పైన. పోయేది కూడా లోతు తక్కువ ఉండే అంచు. పక్షులకు అసలు కావాల్సింది అదే. ఎర్రకాళ్ల కొంగ మేత మేస్తుంటే ఎప్పుడైనా చూశారా? సగం తెరిచిన ముక్కు నీళ్లలో ముంచి, తల అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తుంది. చేప తగిలిందా, టక్కున మూసేస్తుంది. కంటితో వెతికే పని తక్కువ, అంతా తగలడమే. అలా నడవాలంటే కాళ్లు నేలకు ఆనాలి. నిలువు గట్లేసి లోతుగా తవ్విన చెరువులో దానికేం పని?

కైకలూరు బాబాయ్:
అది కొంగ సంగతి. మీరు పేరు పెట్టుకున్న గూడబాతు మాటేమిటి? 1970ల్లో కొల్లేరులో గూళ్లు మానేసి వెళ్లిపోయిన పక్షి కైకలూరు పక్కన ఆటపాకలో మళ్లీ పిల్లల్ని లేపుతోంది. గూళ్లు అటవీ శాఖ వేసిన ఇనప స్టాండ్ల మీద, తిండి మా చెరువుల్లో. బొచ్చె, శీలావతి పిల్లలు వేసేది మేం, మింగేది అవి. రైతు బాణసంచా కాలిస్తే మాత్రం విలన్.

ఉప్పుటేరు:
బాబాయ్ గారూ, పక్షులకు మేత పెడుతున్నామని చెరువులకు సర్టిఫికెట్ ఇచ్చేస్తారేంటి :)

వడ్డిగూడెం ఆడపడుచు:
మీరంతా కాంటూరు దగ్గరే ఆగిపోయారు. చెరువు ఎవరి చేతిలో ఉందో ఒక్కరూ అడగలేదు. మా పుట్టింటివాళ్లు వడ్డీలు, కొల్లేట్లో చేపలు పట్టే కులం. మా తాత తాటి దోనె మీద వెళ్లి, మావులు, అంటే చేపలు చిక్కే బోనులు పెట్టి కొరమీను, మట్టగుడిస, జెల్ల పట్టేవాడు. దానికి గట్టు అక్కర్లేదు, మేత అక్కర్లేదు. 1976లో వెంగళరావు ప్రభుత్వం సొసైటీలు పెట్టి చెరువులు ఇచ్చినప్పుడు మావాళ్లు సంబరపడ్డారు. కానీ తవ్వకానికి, చేప పిల్లకి, తవుడుకి పెట్టుబడి ఎక్కడిది? మా సొసైటీ చెరువు బయటి ఆసామి లీజులోకి పోయింది. సభ్యులకి ఏడాదికి ఇంత అని చేతిలో పెడతాడు. అదే చెరువు మీద మావాళ్లు కూలీకి వెళ్తారు, రాత్రి కాపలా కాస్తారు. బయట ఖాళీగా ఉన్న నీళ్లలోకి దోనె తోద్దామంటే ఎటు చూసినా గట్టు, గట్టు లేనిచోట గుర్రపుడెక్క.

2006లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి ప్రభుత్వం చెరువు గట్లు కొట్టించినప్పుడు ముందు ఆగిపోయింది మా కూలీ. ఆసామికి వేరేచోట చెరువులున్నాయి. కొన్నాళ్లకి పొక్లెయిన్లు మళ్లీ దిగాయి, ఎవరివో ఊరందరికీ తెలుసు. మూడో కాంటూరు చేస్తే ఆ చెరువులకే కాగితం వస్తుంది. లంకకుర్రోడు తమ్ముడికి రెండెకరాలు మిగలొచ్చు, కాదనను. పక్కనే రెండొందల ఎకరాలవాడు తమ్ముడి పేరు చెప్పుకునే కదా బయటపడేది!

ఉప్పుటేరు:
ఇప్పుడు సీరియస్‌గా. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది చూశాం. ఆ బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి చేరేది కొల్లేరుకే. సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరు, అదీ వంకరలు తిరుగుతూ పూడిక పట్టి. పైన నీరు పరుచుకునే చోటు గట్లతో బిగిస్తే ముందు మునిగేది లంకలే. ఉప్పుటేరు పూడిక తీయండి, చెరువుల సంగతి తర్వాత చూద్దాం.

లంకకుర్రోడు:
అక్కా, మా నాన్న కూడా లీజుకే ఇచ్చాడు, దాచేదేం లేదు. చేతిలో డబ్బు లేనివాడు ఇంకేం చేస్తాడు? పరిహారం ఇచ్చి తీసుకుంటే నేను మూడో కాంటూరు ఊసే ఎత్తను. ఇవ్వరు, వదలరు. పాతికేళ్లు దాటింది.

గూడబాతు:
ఇక్కడ మనిద్దరిదీ ఒకే మాట. 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకు తీర్మానం చేసింది, ఏమైంది? కేంద్రం వేసిన అజీజ్ కమిటీ హద్దు తగ్గించొద్దంది. పైగా జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు లేకుండా రాష్ట్రం హద్దు కదపలేదు, అది 1972 చట్టంలోనే ఉంది. అదే చట్టంలో కలెక్టరు అభయారణ్యం లోపలి హక్కులు విచారించి, భూమికి పరిహారమిచ్చి తీసుకునే పద్ధతీ ఉంది. నాయకులు మొదటిది మారుస్తామంటారు, రెండోది అడగరు.

కైకలూరు బాబాయ్:
అడిగితే జిరాయితీ ఎంత, ఆక్రమణ ఎంత అని సర్వే నంబర్ల వారీగా లెక్క తేలుతుంది. దానికి ఒప్పుకునే నాయకుణ్ణి చూపించండి.

వడ్డిగూడెం ఆడపడుచు:
తేలనివ్వండి బాబాయ్. సొసైటీ చెరువు ఎవరి లీజులో ఉందో ఆ కాగితంలోనే ఇంకో గడి పెట్టి రాయమనండి.