చేత్తో పది పేజీల అసైన్‌మెంట్: బుర్ర పెరుగుతుందా, చెయ్యి నొప్పేనా?

హన్మకొండ_డిగ్రీ: మా కాలేజీలో (పేరు వద్దులెండి) ఇంటర్నల్ అసైన్‌మెంట్లన్నీ ఇక చేత్తోనే రాయాలట, సబ్జెక్టుకు పది పేజీలు. చాట్‌జీపీటీ కాపీలు ఆపడానికట. రాస్తేనే ఆలోచన వస్తుందని సార్లు అంటున్నారు. నేను చాట్‌జీపీటీ ఇచ్చిందే పెన్నుతో దించుతున్నా. ఏం ఆలోచన వచ్చిందో మీరే చెప్పండి.

ఎకనామిక్స్_మాస్టారు: బాబూ, దించడం వేరు, రాయడం వేరు. పోయినేడు మా పిల్లలను వరంగల్ ఎనుమాముల మార్కెట్ మీద రాయమన్నాను. ఒకతను "సరుకు ఎక్కువొస్తే ధర పడుతుంది" అని పాఠంలోది రాశాడు. తర్వాత "ధర పడిందని తెలిసీ రైతు మిర్చి అమ్ముతాడు, ఎందుకంటే" దగ్గర ఆగిపోయాడు. "రైతుకు తెలియదు" అని రాసి కొట్టేశాడు, వాళ్ల నాయనకు అన్నీ తెలుసు మరి. ఇంకో రెండు కొట్టివేతల తర్వాత అడ్తిదారు దగ్గర అప్పు, ఏరినోళ్ల కూలి, కోల్డ్ స్టోరేజీ కిరాయి వచ్చాయి. అదే నోటితో అడిగితే మొదటి వాక్యంతో సరిపెట్టేవాడు.

పరకాల_పిల్ల: బాగుంది సార్. కానీ చేత్తోనే ఎందుకు? టైపు చేస్తే ఆ "ఎందుకంటే" రాదా?

రాత_ప్రియుడు: రాదు. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే సైకాలజీ పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. ల్యాప్‌టాప్‌లో నోట్సు రాసుకున్నవాళ్లు లెక్చరర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు దించేసి, అర్థం చేసుకుని చెప్పాల్సిన ప్రశ్నల్లో వెనకబడ్డారు.

పరకాల_పిల్ల: అది క్లాసు నోట్సు సంగతి, సొంతంగా రాయడం సంగతి కాదు. పైగా 2019లో వేరేవాళ్లు మళ్లీ చేసి చూస్తే తేడా అంత గట్టిగా తేలలేదు.

రాత_ప్రియుడు: ఫిజిక్స్ శాస్త్రవేత్త ఫైన్‌మన్ రాసుకున్న కాగితాలను చరిత్రకారుడు వైనర్ "మీ పనికి రికార్డు" అంటే ఆయన ఒప్పుకోలేదు, పని చేసిందే ఆ కాగితాల మీద అన్నాడు. పెన్నుతోనే కదా!

కాజీపేట_బీటెక్: ఆయన కాలంలో ల్యాప్‌టాప్ ఏది అన్నా 😀

జమ్మికుంట_07: ఇంటర్ దాకా తెలుగు మీడియం నాది. ఇంగ్లీషులో వాక్యం దొరికేసరికి ఆలోచనే పోతుంది.

హన్మకొండ_డిగ్రీ: అసలు చదివేదెవరు? నాలుగో పేజీనే ఆరో పేజీగా మళ్లీ దించా. టిక్కు పడింది, 5కి 5.

ఎకనామిక్స్_మాస్టారు: మూడు సెక్షన్లు, గంటల లెక్కన జీతం, సెలవులొస్తే అదీ లేదు. మీ పది పేజీలు ఎవరు దిద్దాలి? మీకు చదువు వద్దు, మార్కులు కావాలి. చేతిలో ఫోన్ ఉంటే సొంతంగా ఒక్క ముక్క రాయరు.

పరకాల_పిల్ల: రాశాను సార్! మొదటి సెమిస్టర్‌లో మొత్తం సొంతంగా రాశాను. మొదట ఒకటి అనుకుని, రాస్తూ రాస్తూ చివరికి వేరేది తేల్చాను. "క్లారిటీ లేదు, కొట్టివేతలు ఎక్కువ" అని 2 మార్కులు. గైడ్ దించిన నా పక్కమ్మాయికి 5. మీ మిర్చి పిల్లాడికి మీరు ఎన్ని వేశారు?

ఎకనామిక్స్_మాస్టారు: 4. నీట్‌నెస్‌కు ఒకటి పోయింది. రూల్ నేను పెట్టింది కాదు.

పరకాల_పిల్ల: చూశారా! పెన్నా, కీబోర్డా అని ఇంతసేపు కొట్టుకున్నాం. తప్పు రాసి దిద్దుకునే చోటే లేకపోతే ఎవరైనా దించుతారు. మార్కుల్లేని రెండు పేజీలు పెట్టండి, కొట్టివేతలతో సహా చూడండి.

ఎకనామిక్స్_మాస్టారు: మార్కుల్లేకపోతే క్లాసులో ఎంతమంది రాస్తారమ్మా? నువ్వు రాస్తావు, ఒప్పుకుంటా. మిగతావాళ్ల మాట చెప్పు.

హన్మకొండ_డిగ్రీ: నేనైతే రాయను సార్.

రాత_ప్రియుడు: ఆ 2019 ప్రయోగం లింకు పెట్టమ్మా ముందు. నేను ఒప్పుకోను.