పిల్లాడి చేతికి స్ప్రే పెయింట్: థిన్నరా, కొబ్బరి నూనెనా? ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

బాల్కనీ మేస్త్రి: ఆదివారం మా అబ్బాయి పాత సైకిల్‌కు నల్ల స్ప్రే కొట్టాను. కింద పేపర్లు పరిచాను గానీ గాలి సంగతి మర్చిపోయాను. కిటికీ అద్దం, టైల్స్, గట్టు మీది తాండూరు బండ, అన్నిటి మీదా నల్ల తుంపరే. డబ్బా నేను నొక్కుతానని మారాం చేసిన ఏడేళ్ల మావాడి రెండు చేతులూ మణికట్టు దాకా నలుపు. థిన్నర్ గుడ్డతో తుడిస్తే నిమిషంలో పోతుందంటాను నేను. మా ఆవిడేమో కొబ్బరి నూనె సీసాతో కూర్చుంది. ఎవరిది రైటు?

బ్రష్షు బాబాయ్: ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. సాయంత్రం థిన్నర్‌తోనే చేతులు కడుక్కుంటాం, ఏమీ కాలేదు. నూనెకు తడి రంగు వస్తుంది. స్ప్రే 10, 20 నిమిషాల్లో ఆరిపోతుంది. ఇక నూనె రాస్తే జిడ్డు తప్ప ఏం మిగలదు.

గోరింట: బాబాయ్, నిజం చెప్పండి, మీ వేళ్ల సందుల్లో పగుళ్లు లేవా? థిన్నర్‌లో టోలీన్, జైలీన్, అసిటోన్ లాంటివి కలుస్తాయి. అవి రంగును ఎలా కరిగిస్తాయో చర్మంలోని సహజమైన జిడ్డునూ అలాగే లాగేస్తాయి. పిల్లల చర్మం ఇంకా పల్చన. పైగా వాసన పీలుస్తాడు, అదే చేత్తో కళ్లు నలుపుకుంటాడు. నూనె రాసి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత శనగపిండితో మెల్లగా రుద్ది, గోరువెచ్చటి నీళ్లు, సబ్బుతో కడగండి. ఒక్కసారికి రాదు, రెండు మూడు సార్లు చేయాలి. మిగిలిన మరకలు నాలుగైదు రోజుల స్నానాలతో వాటంతటవే పోతాయి. చర్మం పై పొర ఎలాగూ రాలిపోయేదే కదా.

బ్రష్షు బాబాయ్: పగుళ్లు ఉన్న మాట నిజమేనమ్మా. రాత్రి పడుకునేముందు రాసుకునేది కూడా కొబ్బరి నూనే, నవ్వకండి. కానీ నాలుగైదు రోజులంటే? రేపు పొద్దున స్కూల్లో టీచరమ్మ ఊరుకుంటుందా?

గోరింట: టీచరమ్మకు ఒక చీటీ రాసిస్తే సరిపోతుంది.

హైవే షెడ్డు: ఇంత చర్చ ఎందుకండీ, బండిలోంచి కాస్త పెట్రోల్ తీసి తుడవండి. లేదంటే కిరోసిన్.

గోరింట: పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది. దాని ఆవిరి నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న పొయ్యి మంటనూ అందుకుంటుంది. కిరోసిన్ మన ఇళ్లల్లో ఎక్కడ ఉంటుంది? పాత మంచినీళ్ల సీసాలో. నీళ్లనుకుని పిల్లలు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటప్పుడు వాంతి చేయించకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

నాపరాయి ఇల్లు: చేతుల గొడవలో పడి బండను మర్చిపోతున్నారు. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం పోయకండి! తాండూరు, కడప బండలు రెండూ సున్నపురాయి జాతే, మార్బుల్ కూడా అంతే. యాసిడ్ పడగానే బుసబుసా పొంగుతుంది, రంగు కన్నా ముందు రాయే పోతుంది. మా వంటింట్లో అరచేయంత తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది, దాని మీద డబ్బా పెట్టి కప్పెట్టాం. బండ మీద ముందు ఒక మూల థిన్నర్ గుడ్డ అద్ది చూడండి. అద్దానికైతే సబ్బు నీళ్లు చల్లి, కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి గీకండి, పొరలా లేస్తుంది. టైల్స్‌కు థిన్నర్‌తో తడిపిన గుడ్డ చాలు. థిన్నర్ నేరుగా ఒంపితే కరిగిన రంగంతా సందుల్లోకి దిగుతుంది.

బ్రష్షు బాబాయ్: ఇది కరెక్టు. డిస్టెంపర్ గోడకైతే థిన్నర్ జోలికే పోవద్దు, మరక రెండింతలవుతుంది. ప్రైమర్ కొట్టి మళ్లీ రంగు వేసుకోవడమే.

బాల్కనీ మేస్త్రి: అద్దం, టైల్స్ శుభ్రం. బండ మీద కాస్త నీడలా మిగిలింది, దాని మీద తులసి కుండీ పెడతాం. వాడి చేతులు మూడు విడతల నూనెకు చాలావరకు తెల్లబడ్డాయి, గోళ్ల అంచుల్లో తప్ప. మీ జవాబులు రాకముందే నేను సైకిల్ వెనక రిఫ్లెక్టర్‌ను థిన్నర్‌తో తుడిచాను. శుక్లం వచ్చిన కన్నులా మసకబారిపోయింది. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది, వచ్చినవాళ్లందరికీ చూపించడానికి.