ఐఈఎల్‌టీఎస్ ఎస్సేలో ‘విచ్’తో పర్యవసానం చెప్పడం ఎలా?

గోదారి_కుర్రాడు:
రైటింగ్‌లో టాస్క్ 2, అంటే ఎస్సే, ప్రాక్టీస్ చేస్తున్నా. ఏ ఫలితం చెప్పాలన్నా కొత్త వాక్యం మొదలుపెట్టి ‘డ్యూ టు దిస్’, ‘బికాజ్ ఆఫ్ దిస్’ అనే వస్తోంది. మా సార్ వాటన్నిటికీ సున్నా చుట్టి ‘విచ్ వాడు’ అని వదిలేశారు. కాస్త విడమర్చి చెప్పండి ప్లీజ్, పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

శ్రీలత_వరంగల్:
మనవాళ్లందరికీ అలాగే వస్తుంది తమ్ముడూ. తెలుగులో ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అంటాం గానీ, మొత్తం వాక్యానికి తోకలా తగిలించే పద్ధతి మనకు లేదు, ‘దీనివల్ల’, ‘దాంతో’ అని మళ్లీ మొదలెడతాం. ఇంగ్లిష్‌లో ఆ తోకే విచ్. ‘మెనీ విలేజెస్ హావ్ లాస్ట్ దెయిర్ బస్ సర్వీస్, విచ్ మే ఫోర్స్ సమ్ గర్ల్స్ టు లీవ్ కాలేజ్’. ఇక్కడ విచ్ అంటే బస్సు కాదు, ఊళ్లూ కాదు, బస్సు లేకుండా పోవడం. అందుకే ముందు ఎన్ని బహువచనాలున్నా క్రియ ఏకవచనమే, ‘విచ్ మీన్స్’, ‘విచ్ లీడ్స్ టు’. ముందు కామా తప్పనిసరి, విచ్ స్థానంలో దట్ కుదరదు.

హెచ్‌వైడీ_ట్యూటర్:
విచ్ తర్వాత అందరూ విల్ వాడేస్తారు, అక్కడ జాగ్రత్త. ఖాయమైతేనే విల్. జరగొచ్చు అనుకుంటే మే, కుడ్, ‘ఈజ్ లైక్లీ టు’. ముందు భాగం ఊహే అయితే తోకలో కూడా వుడ్ రావాలి: ‘ఇఫ్ యూనివర్సిటీ వర్ ఫ్రీ, మోర్ స్టూడెంట్స్ వుడ్ అప్లై, విచ్ వుడ్ పుట్ ప్రెషర్ ఆన్ హాస్టల్స్’.

నెల్లూరు_రవి:
ఒక మెలిక కూడా ఉంది. ‘ద కౌన్సిల్ ప్లాన్స్ టు క్లోజ్ ద ఫ్యాక్టరీ, విచ్ మే హార్మ్ ద టౌన్’ అని రాస్తే ఊరికి చేటు ఫ్యాక్టరీ వల్లా, మూసెయ్యడం వల్లా? రెండూ పొసుగుతాయి, చదివేవాడు ఆగిపోతాడు. కామా తర్వాత ‘ఎ మూవ్ దట్ మే హార్మ్ ద టౌన్’ అంటే గొడవ లేదు, అక్కడ దట్ పనికొస్తుంది కూడా.

శ్రీలత_వరంగల్:
రవి గారు చెప్పింది బంగారం. నాకు బాగా ఇష్టమైంది ఇంకోటుంది, ‘ఇన్ విచ్ కేస్’. ‘ద రెయిన్స్ మే ఫెయిల్, ఇన్ విచ్ కేస్ ఫార్మర్స్ విల్ హావ్ టు బై ఫాడర్’. వానలు పడకపోతేనే గడ్డి కొనాలి అన్న షరతు మూడు మాటల్లో వచ్చేసింది.

గోదారి_కుర్రాడు:
చాలా థాంక్స్ అక్కా, అందరికీ. మరి పేరాకి ఎన్ని వాడొచ్చు? ఇది చూడండి: ‘మెనీ టీనేజర్స్ యూజ్ దెయిర్ ఫోన్స్ లేట్ అట్ నైట్. విచ్ విల్ డ్యామేజ్ దెయిర్ స్లీప్.’

హెచ్‌వైడీ_ట్యూటర్:
లెక్కేం లేదు, పేరాకి ఒకటి చాలు అంటాను నేను. ఎస్సే మార్కుల్లో గ్రామర్‌కి ఉన్న 25 శాతంలో రకరకాల నిర్మాణాలు వాడావా అనేది కూడా చూస్తారు, ప్రతి వాక్యానికీ విచ్ తగిలిస్తే ఆ రకాలే కనపడవు. మిగతాచోట్ల ‘లీడింగ్ టు’ లాంటివి వాడు. ఇక నీ వాక్యంలో ఫుల్‌స్టాప్ తీసేసి కామా పెట్టు, లేకపోతే విచ్ నుంచి ఉన్నది సగం వాక్యమే. విల్ తీసి కెన్ పెట్టు, ఫోన్ చూసే ప్రతి పిల్లాడికీ నిద్ర చెడుతుందని నువ్వు ఖాయంగా అనలేవు కదా.