థండర్‌బర్డ్‌లో నాలుగు మెయిల్ ఐడీలు: ఆఫీసు ఐడీ పెట్టి పంపినా సొంత జీమెయిల్ నుంచే వెళ్తోంది

మిర్చిలెక్కలు:
అందరికీ నమస్తే. గుంటూరులో నాలుగైదు చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. సిస్టమ్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకుని నాలుగు ఐడీలు దాంట్లోనే చూసుకుంటున్నాను: సొంత జీమెయిల్, పాత యాహూ, క్లయింట్ల కోసం ఇంకో జీమెయిల్, మా ఆఫీసు డొమైన్ మెయిల్. సొంత జీమెయిల్ ఇంటర్ చదివేటప్పుడు తెరిచింది, దాని పేరు రాకింగ్ బుజ్జి, నవ్వకండి. నిన్న ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరు గారికి ఆఫీసు ఐడీ నుంచి బ్యాలెన్స్ షీట్ పంపితే, ఆయన ఫోన్ చేసి "ఎవరండీ ఈ రాకింగ్ బుజ్జి, మా లెక్కలు వాళ్ల దగ్గరెందుకున్నాయి" అని అడిగారు. నేను ఫ్రమ్‌లో ఆఫీసు ఐడీనే పెట్టాను, సెంట్ ఫోల్డర్లో కూడా అదే కనిపిస్తోంది, మరి ఆయనకు ఇలా ఎలా వెళ్లింది? ఇంకోటి, ఆఫీసు మెయిల్స్ రెండు వారాలు దాటితే ఫోన్‌లో కనబడటం లేదు, సిస్టమ్‌లో మాత్రం ఉంటున్నాయి. ఈ రెండిటికీ సంబంధం ఉందా?

పాతకీబోర్డు:
సంబంధం లేదండీ, రెండూ వేరు వేరు. మొదటిదానికి ఒక పరీక్ష చెప్తాను. బ్రౌజర్లో మీ సొంత జీమెయిల్ తెరిచి దాని సెంట్‌లో చూడండి. ఆ బ్యాలెన్స్ షీట్ మెయిల్ అక్కడ కూడా ఉంటే దొంగ దొరికినట్టే. ఫ్రమ్‌లో మనం పెట్టేది కవరు మీద రాసుకునే చిరునామా లాంటిది, దాన్ని మోసుకెళ్లేది ఎస్‌ఎమ్‌టీపీ సర్వర్. మీ ఆఫీసు ఐడీకి మోసే సర్వర్‌గా జీమెయిల్‌ది పెట్టి ఉంటారు. ఆ ఆఫీసు ఐడీని జీమెయిల్ సెట్టింగ్స్‌లో ముందే కలిపి ఉంచితే తప్ప, జీమెయిల్ సర్వర్ ఫ్రమ్‌ను తన సొంత ఐడీకి మార్చేసి పంపుతుంది. థండర్‌బర్డ్‌కి ఆ సంగతి తెలియదు, అందుకే మీ వైపు కాపీలో అంతా బాగానే కనిపిస్తుంది.

అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమ వైపు ఆఫీసు ఐడీ పేరు మీద నొక్కితే ఆ పేజీలో కింద అవుట్‌గోయింగ్ సర్వర్ అని ఉంటుంది. అక్కడ ఏముందో చూడండి. డొమైన్ వాళ్లిచ్చిన ఎస్‌ఎమ్‌టీపీ వివరాలు ఎడమ వైపు జాబితాలో అట్టడుగున ఉండే అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర కొత్తగా చేర్చి (పోర్టు సాధారణంగా 465 లేదా 587), తర్వాత ఐడీ పేజీకి వచ్చి దాన్ని ఎంచుకోవాలి. ఈ రెండో పని చాలామంది మర్చిపోతారు.

గోదారిగట్టు:
ఫోన్ సంగతి నేను చెప్తా. సర్వర్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతులు రెండు, పాప్, ఐమ్యాప్. మీ ఆఫీసు ఐడీ పాప్‌లో ఉంది, ఐమ్యాప్‌లో లేదు. పాప్ అయితే థండర్‌బర్డ్ ఉత్తరాన్ని కిందికి దించుకుని, మామూలుగా 14 రోజుల తర్వాత సర్వర్ మీద తీసేస్తుంది. ఫోన్ సర్వర్నే చూస్తుంది కాబట్టి దానికి దొరకవు. ఐమ్యాప్ అయితే ఉత్తరాలు సర్వర్ మీదే ఉంటాయి. ఉన్న అకౌంటును పాప్ నుంచి ఐమ్యాప్‌కి మార్చే మీట ఏదీ లేదు, అదే ఐడీని ఐమ్యాప్‌గా ఇంకోసారి చేర్చుకోవాలి. తొందరపడి పాత పాప్ అకౌంటు తీసేయకండి బాబూ, మీ పాత ఉత్తరాలకు ఉన్న ఒకే ఒక్క కాపీ అదే. ముందు వాటిని కొత్త అకౌంటు ఫోల్డర్లోకి గానీ సిస్టమ్‌లోనే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లోకి గానీ కాపీ చేసి, లెక్క సరిపోయిందా చూసుకున్నాకే తీయండి. అంతకంటే ముందు థండర్‌బర్డ్ మెయిల్స్, సెట్టింగ్స్ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే టెన్షన్ ఉండదు. థండర్‌బర్డ్ మూసేశాకే కాపీ చేయాలి.

చింతచెట్టు:
అన్ని ఇన్‌బాక్సులూ కలిపి చూపించే యూనిఫైడ్ ఫోల్డర్స్ పెట్టుకోండి, చాలా సుఖం.

పాతకీబోర్డు:
ఈయనకు మాత్రం వద్దంటాను. కలిపి చూసేటప్పుడు రిప్లై సరైన ఐడీ నుంచే వెళ్తుంది గానీ, కొత్త మెయిల్ రాయబోతే డీఫాల్ట్ అకౌంటు ఎక్కి కూర్చుంటుంది. పదిమంది లెక్కలు చేతిలో ఉన్నవాళ్లు విడివిడిగా చూసుకోవడమే మేలు. కలిపే చూస్తానంటే కనీసం డీఫాల్ట్‌గా ఆఫీసు ఐడీ పెట్టుకోండి, అలవాటున రాసినా బుజ్జి బయటికి రాడు.

మిర్చిలెక్కలు:
మీరు చెప్పినట్టే జీమెయిల్ సెంట్‌లో చూశానండీ. ఒకటి కాదు, పదకొండు ఆఫీసు మెయిల్స్ ఉన్నాయి. ఇప్పుడు గుర్తొచ్చింది, మొదట్లో డొమైన్ ఎస్‌ఎమ్‌టీపీ పాస్‌వర్డ్ తీసుకోవట్లేదని విసుగొచ్చి, జాబితాలో ఉన్న జీమెయిల్‌నే పెట్టేసింది నేనే. మార్చి, నా యాహూకి ఒకటి పంపి చూసుకున్నా, ఆఫీసు ఐడీ నుంచే వచ్చింది. ఐమ్యాప్ పని ఆదివారం పెట్టుకుంటా, పెన్‌డ్రైవ్ కొన్నాక. కోల్డ్ స్టోరేజీ ఓనరు గారికి ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పాను. ఓపిగ్గా విని "సరే బుజ్జీ" అన్నారు.