పాలు చాలడం లేదన్న బాలింతకు పోతపాలు సూచించడం సాయమా, అడ్డంకా?

నీలాంబరి:
మా చెల్లెలికి సిజేరియన్ అయిన రెండో రాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, డ్యూటీలో ఉన్నవారు రొమ్ము పట్టించి చూడకుండానే ‘పాలు పడలేదు, ఇవి పట్టండి’ అంటూ ఒక పాలపొడి పేరు చీటీ మీద రాసిచ్చారు. మా సహోద్యోగికి వేరొక ఆసుపత్రిలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరిగింది. ఆమె ఎంత మొత్తుకున్నా తల్లిపాలు తప్ప మరొకటి పట్టకూడదని సిబ్బంది పట్టుబట్టడంతో, బిడ్డ బరువు బాగా తగ్గి, కామెర్లు ముదిరి, చివరికి నవజాత శిశువుల విభాగంలో చేర్చవలసి వచ్చింది. తల్లిపాలు శ్రేష్ఠమన్న విషయంలో నాకు సందేహం లేదు. పాలు చాలడం లేదని తల్లి చెప్పిన వెంటనే పోతపాలు అందించడం ఆమెకు సాయపడటమా, లేక ఉన్న పాలను కూడా ఎండగట్టడమా అన్న దానిపై అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను.

ప్రసూతి వార్డు నర్సు:
నీలాంబరి గారూ, మీ చెల్లెలి విషయంలో జరిగినదాన్ని నేను సమర్థించలేను. ప్రసవమైన తొలి రోజుల్లో వచ్చేవి చెంచాలతో కొలిచేటన్ని ముర్రుపాలే. నిండుగా పాలు పడటం సాధారణంగా రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య జరుగుతుంది, సిజేరియన్ అయినవారికి ఇంకొంత ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక, ఈ ఆలస్యం మన ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. అయినా, బిడ్డ మొదట కొంత బరువు తగ్గి రెండు వారాల్లోపు పుంజుకోవడం సహజమని ఇంట్లోవారికి చెప్పేవారు లేక, ఆ రాత్రి ఏడుపునే పాలు లేవనడానికి రుజువుగా తీసుకుంటారు. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరతాయి. సీసా పట్టి రొమ్మును వదిలేస్తే ఆ ఊట తగ్గుతుంది.

‘పాలు లేవు’ అన్న తల్లి పక్కన కూర్చుని, ఆమె పాలిస్తున్నంతసేపూ గమనిస్తే, చాలాసార్లు బిడ్డ చనుమొనను మాత్రమే చప్పరిస్తూ కనిపిస్తుంది. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా, గడ్డం రొమ్ముకు ఆని కింది పెదవి బయటికి తిరిగేలా పట్టిస్తే, కాసేపటికి గుటక వినిపిస్తుంది. కుట్ల నొప్పితో కూర్చోలేనివారికి పక్కకు తిరిగి పడుకుని ఇవ్వడం నేర్పాలి. దీనికి ఒక్కోసారి గంట పడుతుంది, చీటీ రాయడానికి అర నిమిషం చాలు. పాలపొడి ప్రకటనలనూ, ఉచిత నమూనాలనూ, ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే తాయిలాలనూ 1992 చట్టం నిషేధించింది, 2003 సవరణ దాన్ని మరింత బిగించింది. ఆ గంటసేపు కూర్చునే మనిషిని వార్డులో ఉంచడం మాత్రం ఏ చట్టంతోనూ కాలేదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
సిస్టర్ గారు చెప్పినది నిజమే గానీ, అది అందరికీ వర్తిస్తుందనుకుంటే నాకు అభ్యంతరం ఉంది. కాన్పులో విపరీతంగా రక్తస్రావమైనవారికి, మాయ ముక్క లోపల ఉండిపోయినవారికి, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, రొమ్ముకు శస్త్రచికిత్స జరిగినవారికి ఎంత సరిగ్గా పట్టించినా పాలు చాలకపోవచ్చు. మొదటి కాన్పులో నాకు రక్తం బాగా పోయింది. మా అత్తగారు వెల్లుల్లి కారం, మెంతులు, సొరపిట్టు ఏదీ మానకుండా పెట్టారు; నా ఒంట్లోకి ఓపిక వచ్చింది గానీ పాలు పెరగలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టమూ ‘ఇంకా పాలు పడలేదా?’ అని అడిగేవారే. చివరికి ప్రతిసారీ ముందు రొమ్ము పట్టించి, మిగిలిన ఆకలికి డాక్టరు గారు చెప్పిన కొలత ప్రకారం పోతపాలు ఉగ్గుగిన్నెతో పట్టాను. అలా పట్టినందువల్లే బిడ్డ రొమ్ము మానలేదని నా నమ్మకం. ‘ప్రతి తల్లికీ బిడ్డకు సరిపడా పాలుంటాయి’ అని గోడల మీద రాయడం వల్ల, బిడ్డ తడిపే గుడ్డలు తగ్గుతున్నా నాలాంటివారు సిగ్గుతో నోరు విప్పరు.

రామచిలుక:
హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ధాత్రి తల్లిపాల బ్యాంకు వచ్చింది కదా? దాతల పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసి నిల్వ ఉంచే ఏర్పాటు ఉన్నప్పుడు, పొడి మాటెందుకు?

ప్రసూతి వార్డు నర్సు:
రామచిలుక గారూ, ఆ పాలు ముందుగా నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు అందాలి. నెలలు నిండిన బిడ్డ డిశ్చార్జి అయి ఊరికి వెళ్లాక అక్కడికి బ్యాంకు రాదు. ఇక రెండో అభిప్రాయం రాసిన అమ్మగారి పద్ధతితో నాకు తగవు లేదు, అది వైద్యమే. బిడ్డను తూచి, ఎంత పట్టాలో, ఎన్నాళ్లు పట్టాలో, మళ్లీ ఎప్పుడు తూచాలో రాసిచ్చిన పోతపాలు వేరు. కంపెనీ పేరు తప్ప మరేమీ లేని చీటీ వేరు. ఆ రెండో రకం చీటీతో ఇంటికి వెళ్లినవారిలో డబ్బా త్వరగా అయిపోతుందని పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలిపేవారిని చూశాను.

ఇంటికి వెళ్లాక, అయిదో రోజు దాటిన బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తోందా అన్నది చూడాలి. ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డను తూయమనీ, పాలిస్తుండగా ఒకసారి చూడమనీ ఇంట్లోవారే అడగవచ్చు. గోడ మీద రాత విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. దాన్ని చెరిపేస్తే మీలాంటి కొందరికి ఊరట కలుగుతుందేమో గానీ, పాలుండీ తమకు లేవనుకునే తల్లులే మా వార్డులో ఎక్కువ.

ఇద్దరు పిల్లల అమ్మ:
చెరిపేయనక్కరలేదు సిస్టర్ గారూ. ‘చాలడం లేదనిపిస్తే ఇక్కడ అడగండి’ అని దాని కింద మరో వాక్యం రాసి, ఎవరిని అడగాలో కూడా రాయించండి.