థామ్సన్ ఆ వెయ్యి పేజీలు తగలబెట్టడం ఒప్పా, తప్పా?

పాతకాగితం: చార్లెస్ థామ్సన్ ఐర్లండ్‌లో పుట్టాడు. 1739లో ఓడలో వస్తుండగానే తండ్రి పోయాడు. పదేళ్ల పిల్లాడు అమెరికా ఒడ్డున అనాథగా దిగాడు. ఫ్రాన్సిస్ ఆలిసన్ బడిలో చదువుకుని ఫిలడెల్ఫియాలో లాటిన్ పంతులయ్యాడు. 1774 నుంచి 1789 దాకా బ్రిటన్ మీద విప్లవాన్ని నడిపిన అమెరికా ప్రతినిధుల సభ, కాంటినెంటల్ కాంగ్రెస్‌కు కార్యదర్శి ఆయనొక్కడే. విప్లవం లోపలి కథ వెయ్యి పేజీలకు పైగా రాసి, విప్లవ పెద్దల పరువు పోతుందని తనే కాల్చేశాడు. నా లెక్కలో అది నేరం.

శంక: స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడా?

పాతకాగితం: 1776 జూలైలో డన్‌లాప్ అచ్చేసిన మొదటి కాగితం మీద రెండే పేర్లు. కాంగ్రెస్ అధ్యక్షుడు హాన్‌కాక్, కింద సాక్షిగా థామ్సన్.

శంక: అచ్చుపేరు సంతకం కాదండీ. చేసింది 56 మంది. అందులో ఈయన లేడు.

గోదారిగట్టు: మొదలైంది సంతకం గోల.

మినిట్స్‌బుక్కు: నేరమేంటి? ఆయన రాత, ఆయన పొయ్యి. నేనూ ఒక సంఘానికి పదకొండేళ్లు మినిట్స్ రాశాను. గంటసేపు చొక్కాలు పట్టుకున్నా ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అనే రాయాలి. కమిటీ మారాక నాకు కుర్చీ కూడా వేయలేదు. థామ్సన్‌కూ అంతేగా! 1789లో మౌంట్ వెర్నన్ దాకా వెళ్లి, మీరే అధ్యక్షుడని వాషింగ్టన్‌కు చెప్పొచ్చాడు. కొత్త ప్రభుత్వంలో ఆయనకే చోటు లేదు.

పాతకాగితం: మీ కుర్చీ గొడవ పక్కన పెట్టండి సార్. డెలవేర్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్లు ఆయనకు ‘నిజం చెప్పేవాడు’ అనే అర్థంతో పేరు పెట్టారు. 1757లో ఈస్టన్ ఊళ్లో పెన్సిల్వేనియా వలస ప్రభుత్వంతో జరిగిన చర్చల్లో వాళ్ల నాయకుడు టీడ్యుస్కంగ్ పక్కన కూర్చుని రాశాడు. వాళ్ల భూములు ఎలా పోయాయో 1759లో పుస్తకమే వేశాడు. అప్పుడు ఆ వలసకు యజమానులైన పెన్ కుటుంబం పరువు గుర్తురాలేదా? తనవాళ్ల వంతు వచ్చేసరికి అగ్గిపాలా?

మినిట్స్‌బుక్కు: పెద్దల పరువు తీసి ఏం బావుకుంటారు?

పాతకాగితం: సరిగ్గా ఇదే మాట అని మా బాబాయి తాతయ్య డైరీలు నీళ్లకాగు కింద పెట్టాడు. ఎవరి పొలం ఎవరు కలుపుకున్నారో అన్నీ అందులో ఉన్నాయి. ఇప్పుడు నా దగ్గరున్నది కాలిన కాగితం మూల ఒకటి. ‘శ్రీరామ’ వరకే మిగిలింది.

మినిట్స్‌బుక్కు: అది మీ బాబాయి చేసిన పని. తాతగారే కాల్చుకుని ఉంటే?

పాతకాగితం: ఆయన మీదా కోపమొచ్చేది. రాసినంత మాత్రాన సొంతమైపోతుందా? పొలం పోయినవాళ్లది కాదా అది?

మినిట్స్‌బుక్కు: కాదు.

శంక: 94 ఏళ్లు బతికాడుగా, మళ్లీ రాయొచ్చుగా?

పాతకాగితం: గ్రీకు నుంచి బైబిల్‌ను ఇంగ్లీషులోకి దించాడు. 1808లో నాలుగు సంపుటాలు.

గోదారిగట్టు: వాటి మీదైనా సంతకం ఉందా, శంక గారూ?